మాస్టారు దిగగలిగే బండి

2023 ఎండాకాలం. ఫిల్మ్ నగర్‌లో స్టూడియో వెనక సందులో నాదొక షెడ్డు ఉంది. ఒక లిఫ్టు, రెండు స్కానర్లు, గోడ మీద ఒక ఫ్యాను. అక్కడ నేను చేసే పనిని ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ అంటారు. ఖరీదైన కారు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు డబ్బు కట్టే ముందు దాన్ని నా దగ్గరికి తెస్తారు. నేను లిఫ్టు మీదికి ఎత్తి అడుగు భాగం చూస్తాను, కంప్యూటర్ పెట్టి లోపలి జబ్బులు చదువుతాను, నడిపి చూసి రిపోర్టు రాస్తాను. పెళ్ళి మాటలు ఖాయం చేసుకునే ముందు పిల్లవాడి గురించి ఊళ్ళో వాకబు చేసొచ్చే మేనమామ ఉంటాడు చూశారూ, అలాంటి ఉద్యోగం. అమ్మేవాడికి నేనంటే పడదు. కొనేవాడికి కూడా ఒక్కోసారి పడదు, ఎందుకంటే నాకు నోరెక్కువ. తప్పు బండి మీద మనసు పడ్డవాడికి అది తప్పు బండి అని మొహం మీదే చెప్తాను. ఇరవై ఏళ్ళు ఒక పెద్ద వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసినవాణ్ణి, నాకు తెలియనిది లేదన్న పొగరు కూడా ఉండేది. ఆ పొగరు దిగిన కథే ఇది.

పైడిరాజు మాస్టారని ఒక ఫైట్ మాస్టర్. విజయనగరం వైపు మనిషి. సినిమాల్లో కొట్లాటలూ, కార్ల ఛేజులూ తియ్యడం ఆయన పని, ముప్ఫై ఏళ్ళ సర్వీసు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఆయన ఫోన్ చేసి, "నర్సింగ్ గారూ, నాకో స్టేషన్ వ్యాగన్ కావాలండీ. మూడు చూసిపెట్టాను. మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏది మంచిదో మీరు తేల్చాలి" అన్నాడు.

నేను రెండోసారి అడిగాను, సరిగ్గా విన్నానా అని. స్టేషన్ వ్యాగన్ అంటే మామూలు సెడాన్ కారే, కానీ పైకప్పు డిక్కీ చివరిదాకా సాగి ఉంటుంది. డిక్కీ, సీట్లు అన్నీ ఒకే గది. వెనక సీట్లు మడిస్తే నున్నటి చాప లాంటి నేల వస్తుంది. కారులాగా కిందికి ఉంటుంది, వ్యానులాగా సామాను పడుతుంది. మన దగ్గర దాన్ని కొనే నాథుడు లేడు. జూబ్లీ హిల్స్‌లో ఎవరిని కదిపినా ఎత్తైన ఎస్‌యూవీయే కావాలంటారు. పైనుంచి కిందికి చూస్తూ పోవాలి మరి. అందులో సినిమా మనిషి వ్యాగన్ అడగడం నేనెప్పుడూ వినలేదు. ఎందుకో తెలుసుకోవాలని నాకు ఆ క్షణంలోనే దురద మొదలైంది.

మూడు బండ్లూ ఒకే రోజు షెడ్డుకి వచ్చాయి. పేర్లు చెప్పను, దేశాలు చెప్తాను. మొదటిది జర్మనీది, ఎనిమిది సిలిండర్ల ఇంజను, నేలకి అంటుకుని కూర్చున్న బండి. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే కడుపులో పేగులు వీపుకి తగులుతాయి. రెండోది స్వీడన్‌ది, కొంచెం ఎత్తు చేసి కట్టింది, డీజిలు. సీట్లు మన ఇంట్లో సోఫా కంటే నయం, వెనక నేల బల్లలా చదును. మూడోది కూడా జర్మనీదే. దానికి నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ సస్పెన్షన్ ఉంది, అంటే ఇనప స్ప్రింగుల బదులు గాలి సంచులు. బటన్ నొక్కితే బండి మొత్తం పైకి లేస్తుంది, ఇంకోసారి నొక్కితే కిందికి దిగుతుంది.

మాస్టారు డ్రైవర్ అంజయ్యతో వచ్చాడు. అంజయ్య సిద్దిపేట మనిషి, పదిహేనేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాడు. నేను ఇంజను బలం, టార్క్ అని నా పాఠం మొదలుపెట్టాను. టార్క్ అంటే బండిని చప్పున ముందుకు లాగే సత్తువ. మాస్టారు తలూపుతున్నాడు కానీ ఆయన ధ్యాస ఇక్కడ లేదు. బండి పక్కన నిలబడి, వెనక డోరు తెరిచి, నేల నుంచి సీటు దాకా ఎన్ని జానలో అంజయ్య చేత కొలిపిస్తున్నాడు.

"రెండు జానల మీద రెండు వేళ్ళు, సార్" అన్నాడు అంజయ్య మొదటి బండి దగ్గర.

"రెండోది?"

"మూడు జానలకు జర తక్కువ."

వాస్తు అనుకున్నాను. నిజంగా. సినిమావాళ్ళు నంబరు ప్లేటు అంకెలు కూడి చూసుకుంటారు, సీటు ఎత్తు చూసుకోవడంలో వింతేముంది అనుకున్నాను. తరవాత నడిపి చూడ్డానికి బయల్దేరాం. నేను నడుపుతున్నాను, ఆయన వెనక ఎడమ వైపు కూర్చున్నాడు. ఖాళీ రోడ్డు దొరికాక మొదటి బండిని గట్టిగా తొక్కాను, ఆయన ఛేజులు తీసినవాడు కదా, మురిసిపోతాడని.

"ఎంత తొందరగా ఎత్తుకుంటుందో నాకక్కర్లేదండీ" అన్నాడు వెనక నుంచి. "ఎంత మెత్తగా ఆగుతుందో చూపించండి."

మూడు బండ్లనూ పదేసిసార్లు ఆపించాడు. స్పీడ్ బ్రేకర్ల మీద ఎక్కించాడు, దింపించాడు. ప్రతిసారీ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, పాట వింటున్నవాడిలా. షెడ్డుకి తిరిగి వచ్చాక ఇంకా విచిత్రం. రెండో బండి వెనక సీట్లు మడిపించి, డిక్కీ వైపు నుంచి అంజయ్య పక్కనుండగా మెల్లగా లోపలికి జరిగి వెల్లకిలా పడుకున్నాడు. పది నిమిషాలు. తరవాత మూడో దాంట్లో పది నిమిషాలు. నాకు నవ్వు ఆగలేదు.

"మాస్టారూ, నడిపి కొనేటోళ్లను చూసిన, కడిగి కొనేటోళ్లను చూసిన. పండుకుని కొనేటోళ్లను ఇయ్యాలనే చూస్తున్న" అన్నాను.

"మీ రిపోర్టులో ఆ కాలమ్ లేదేంటండీ మరి?" అన్నాడు ఆయన పైకప్పు వైపే చూస్తూ.

సంగతి మొదటి బండి దగ్గర బయటపడింది. దాని వెనక సీట్లు కూడా రేసు కార్ల సీట్లలా గుంటగా ఉంటాయి, తొడల పక్కన గట్టు లేచి ఉంటుంది. నడిపి చూసినప్పుడు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంజయ్యే ఆ డోరు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు, నేను పట్టించుకోలేదు. ఈసారి అంజయ్య నీళ్ళ సీసా కోసం వెళ్ళాడు. మాస్టారు ఒక్కడే అందులో ఇంకోసారి కూర్చుని చూశాడు. లేవబోయాడు. లేవలేకపోయాడు. డోరు పట్టుకున్నాడు, ముందు సీటు పట్టుకున్నాడు, మొహం ఎర్రబడింది. నేను చెయ్యి అందించబోతే వద్దన్నట్టు తలూపాడు. అంజయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. కానీ ముందు మాస్టారి దగ్గరికి వెళ్ళలేదు. గేటు దగ్గరికి వెళ్ళి షెడ్డు షట్టర్ కిందికి లాగాడు. అప్పుడు వచ్చి, రెండు చంకల కింద చేతులు వేసి ఆయన్ని లేపాడు.

నేను కుర్చీ లాగి వేశాను. మాస్టారు కుర్చీలో కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"ఏడాదిన్నర కిందట నడుం ఆపరేషన్ అయిందండీ. లోపల రెండు రాడ్లు ఉన్నాయి. వంగలేను, ఎగరలేను. నడవగలను, నిలబడగలను. రెండు గంటలకోసారి వెల్లకిలా పడుకోకపోతే ప్రాణం పోతుంది. మా ఇంట్లోవాళ్ళకీ అంజయ్యకీ తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు మీకు తెలిసింది."

"చెప్తే ఏమైతది మాస్టారూ? రోగాలు రావా మనుషులకు?"

"హీరోకి రావచ్చు. ఫైట్ మాస్టర్‌కి రాకూడదు. నడుం పోయిందని ఫిల్మ్ నగర్‌లో ఒకడికి తెలిస్తే సాయంత్రానికి కృష్ణానగర్‌లో ప్రతి రూములోనూ తెలుస్తుంది. ఆ తరవాత నాకు ఫోన్ రాదు. ఇన్నాళ్ళూ కథ నచ్చలేదని, డేట్లు లేవని సాకులు చెప్తూ ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడొక పెద్ద సినిమా వచ్చింది. ఇది కూడా వదిలేస్తే ఇంక నన్ను మర్చిపోతారు."

మూడు వారాల్లో ఆ సినిమా పూజ. ఫిల్మ్ నగర్ గుడిలో కొబ్బరికాయ కొడతారు, క్లాప్ కొడతారు. ఎవరెవరు ఏ బండిలో వచ్చారో, ఎలా దిగారో యూట్యూబ్ ఛానెళ్ళవాళ్ళు గేటు దగ్గరే నిలబడి తీస్తారు. అక్కడ ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బండి దిగాలి. తరవాత షూటింగులో మధ్యమధ్య ఎవరికీ అనుమానం రాకుండా పడుకోవాలి. క్యారవాన్ అడిగితే ఎందుకని అడుగుతారు. ఎస్‌యూవీ ఎక్కలేడు. సెడాన్‌లో పడుకోలేడు. తాళ్ళూ, ఫైటర్ల ఒంటికి కట్టే హార్నెస్‌లూ తన సొంతవే తెచ్చుకుంటాడు కనక, సామాను కోసం వ్యాగన్ కొన్నాడంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆయన ఎంత ఆలోచించి వ్యాగన్ దగ్గరికి వచ్చాడో అప్పుడు అర్థమై, పండుకుని కొనేటోళ్ళు అని వెకిలిగా అన్నందుకు నాలుక కరుచుకున్నాను.

ఆ పూట నుంచి మూడు బండ్లూ నాకు వేరేగా కనపడ్డాయి. మొదటిది ఎంత పరిగెత్తితే ఏం, మనిషిని మింగేసి బయటికి రానివ్వదు. పక్కన పెట్టేశాను. రెండోది మంచి బండి. వెనక పడుకోవడానికి మూడింటిలోకీ అదే మేలు. కానీ మాస్టారి కాళ్ళకి దాని సీటు ఎత్తు ఎక్కువ, దిగేటప్పుడు చిన్న గెంతు గెంతాల్సి వస్తుంది. ఆయన గెంతకూడదు. మూడోది ఎత్తు మార్చుకోవచ్చు. ఆగడంలో దానిదే పైచెయ్యి, ఆగినట్టే తెలియదు. ఒక లోపం పట్టుకున్నాను. రాత్రి నిలబెడితే పొద్దుటికి వెనక కుడి మూల కుంగి ఉంటోంది, గాలి సంచికి సన్నని చీలిక. అది మార్పించాకే కొనమన్నాను.

మాస్టారి ఇల్లు బండరాయి మీద కట్టింది. సెల్లార్‌లోకి పోయే ర్యాంపు నిట్టనిలువుగా ఉంటుంది. పొడుగాటి బండ్లకి అక్కడ కడుపు రాసుకుంటుంది. మూడో బండిని బటన్ నొక్కి పూర్తిగా పైకి లేపితే రాసుకోకుండా దిగింది. ఆ పరీక్ష నేనే చేశాను, చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

తరవాత అసలు పని. షెడ్డులో గచ్చు నేల మీద బండి నిలబెట్టి, ఎత్తు ఒక్కో మెట్టూ మార్చి చూశాం. మధ్య మెట్టులో, సీటు నేలకి రెండు జానల నాలుగు వేళ్ళు ఉన్నప్పుడు, మాస్టారు పక్కకి తిరిగి, రెండు పాదాలూ కింద ఆనించి, డోరు అంచు మీద కుడి చెయ్యి వేసి, సాఫీగా లేచి నిలబడ్డాడు. షట్టర్ మూసి ఇరవైసార్లు చేశాం. ఆఖరికి చొక్కా సర్దుకుంటూ మరీ దిగుతున్నాడు.

"హీరో కారు దిగే షాట్ ఎన్ని వందలు పెట్టానో నాకే గుర్తు లేదండీ" అన్నాడు. "కాలు కింద పడడం ఒక క్లోజప్, డోరు వెయ్యడం ఒక క్లోజప్. నా షాటుకి నేనే రిహార్సల్ చేస్తానని అనుకోలేదు."

అంజయ్యకి జాగ్రత్తలు చెప్పాను. "ఇంటి ర్యాంపు కాడ పైకి లేపు. మిగతా అంతట నడిమి మెట్టే. కిందికి దించే బటన్ జోలికి పోకు."

అంజయ్య తల గోక్కున్నాడు. "గుడి కాడ రోడ్డు అంచు కిందికుంటది కదన్నా. గాడ సార్ కాలు అందుతదా? డోర్ తియ్యకముందే జర దించుకుంటే?"

"దించితే సీటు కిందికి పోతది, సార్ లేవలేడు. ఇరవైసార్లు కొలిచిన. నాకు నేర్పుతవా?"

బటన్ మీద నేనే తెల్ల టేపు అంటించాను.

పూజ రోజు పొద్దున నేను కూడా గుడి దగ్గరికి వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు. కానీ ఇంట్లో కూర్చోలేకపోయాను. పరీక్ష రాస్తున్న పిల్లవాడి తండ్రిలా కొబ్బరికాయల కొట్టు పక్కన నిలబడ్డాను. ఒక్కో బండీ వస్తోంది, కెమెరాలు అటు తిరుగుతున్నాయి. యూనియన్ ఫైటర్లు పది పన్నెండు మంది తెల్ల చొక్కాల్లో వరసగా నిలబడి ఉన్నారు, వాళ్ళ మాస్టారి కోసం. నిర్మాత గేటు దగ్గరే ఉండి వచ్చినవాళ్ళని లోపలికి తీసుకెళ్తున్నాడు.

మాస్టారి వ్యాగన్ వచ్చింది. గేటుకి ఎదురుగా చదునైన చోట అప్పటికే ఎవరిదో పెద్ద ఎస్‌యూవీ ఆగి ఉంది. సెక్యూరిటీ అతను చెయ్యి ఊపి అంజయ్యని ఎడమ పక్కకి, రోడ్డు అంచుకి పంపాడు. అక్కడ తారు అయిపోయి నేల కిందికి జారిపోతుంది. చక్రాలు తారు మీద ఉన్నాయి. డోరు తెరుచుకున్నది తారు లేని వైపు.

మాస్టారు పక్కకి తిరిగాడు. రిహార్సల్లో చేసినట్టే రెండు కాళ్ళూ బయట పెట్టాడు. అవి నేలకి ఆనలేదు. ఆ మెరిసే నల్ల బూట్లు నేలకి నాలుగైదు వేళ్ళ పైన గాలిలో ఆగిపోయాయి.

జీవితమంతా మూడంతస్తుల మీద నుంచి మనుషుల్ని దూకించినవాడు, తానూ దూకినవాడు, బెత్తెడు దూరం దిగలేక కూర్చుండిపోయాడు. లోపల అంజయ్య టేపు పీకి బటన్ నొక్కుతున్నాడని తెలుస్తోంది. లాభం లేదు. ఆ బండిలో డోరు తెరిచి ఉంటే గాలి సంచులు కదలవు, ఎవరి కాలైనా నలుగుతుందని అలా కట్టారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా అంజయ్య చెప్పిన మాట చెవిన పెట్టలేదు. నేల కూడా ఎత్తుపల్లాలుగా ఉంటుందన్న ఇంగితం నాకు షెడ్డులో లేకపోయింది. బండి కడుపు కోసం ర్యాంపు దాకా వెళ్ళినవాణ్ణి, మనిషి కాళ్ళ కోసం గుడి దాకా రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

కెమెరాలు తిరిగాయి. ఒకరిద్దరు పక్కవాళ్ళ చెవిలో ఏదో అన్నారు. నిర్మాత రెండడుగులు ముందుకి వేసి ఆగాడు. అంజయ్య తన డోరు తీసుకుని చుట్టూ తిరిగి వస్తున్నాడు. మాస్టారు అతన్ని చూసి చెయ్యెత్తి ఆపాడు. ఫైటర్ల వరస వైపు చూశాడు.

"ఒరే శీనూ, అప్పారావూ" అన్నాడు, సెట్లో మైకు లేకుండా వినపడే గొంతుతో. "పట్టుకోండ్రా."

పైనుంచి ఎవరైనా దూకే ముందు వాళ్ళ పనిలో అనే మాట అది. వాళ్ళిద్దరూ ఏం జరుగుతోందో అడగలేదు. పరిగెత్తుకొచ్చి, కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, చేతులు చాచి నిలబడ్డారు. మాస్టారు చెరో భుజం మీదా చెయ్యి వేసి, శరీరం బరువంతా వాళ్ళ మీద వదిలి, కిందికి దిగాడు. పాదం నేల తాకినప్పుడు "అమ్మా" అన్నాడు. అందరికీ వినపడింది.

నిర్మాత దగ్గరికి వచ్చాడు. "ఏంటి మాస్టారూ, ఏమైంది?"

"నడుం ఆపరేషన్ అయిందండీ. ఏడాదిన్నరైంది. మీకు చెప్పకుండా ఒప్పుకున్నాను, అది తప్పే. నేను దూకలేను. ఎవడు ఎక్కణ్ణుంచి దూకాలో, కింద ఏం పరవాలో చెప్పగలను. అది చాలదనుకుంటే ఇప్పుడే చెప్పండి, కొబ్బరికాయ కొట్టకముందు."

నిర్మాత వాచీ చూసుకున్నాడు. "లోపలికి రండి, ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు. మాస్టారు ఆ ఇద్దరి భుజాలూ వదలకుండా నడిచి గుడిలోకి వెళ్ళాడు.

సినిమా ఆయన చేతిలోనే ఉంది. పరిగెత్తి, దూకి చూపించే పనికి ఇంకో కుర్ర మాస్టర్ని తోడు పెట్టారు, తెర మీద రెండు పేర్లు పడ్డాయి. తరవాతి సినిమాకి ఆయనతో మాట్లాడుతున్న మరో కంపెనీ మాత్రం ఆ వారం నుంచి ఫోన్ ఎత్తడం మానేసింది. ఆయన భయం ఉత్తది కాదు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారు వరండాలో చెక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పేశాను. "తప్పు నాది మాస్టారూ. అంజయ్య ముందే చెప్పిండు. నేనే వినలే."

"ఆ మాట అతనితో అన్నారా?"

సెల్లార్‌లోకి వెళ్ళాను. అంజయ్య బండి తుడుస్తున్నాడు. నా జన్మలో డ్రైవర్‌కి క్షమాపణ చెప్పింది అదే మొదలు. అంజయ్య గుడ్డ పిండుతూ, "పోనీయన్నా. గా రోడ్డు మీద మేం రోజూ తిరుగుతం, మీరు తిరగరు" అన్నాడు. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు బండి తెచ్చినా, యజమాని కంటే ముందు డ్రైవర్‌ని కూర్చోబెట్టి టీ పోయించి అడుగుతాను: రోజూ ఎక్కడ ఆపుతవ్, ఆయన ఎట్ల దిగుతడు, నీకు దేనికి భయమైతది అని. రిపోర్టులో మొదటి పేజీ అదే. ఆ పేజీ రాయడం నాకు నేర్పింది ఇరవై ఏళ్ళ సర్వీసు కాదు, అంజయ్య.

మళ్ళీ పైకి వచ్చేసరికి మాస్టారు నా కోసం కాఫీ తెప్పించి ఉంచాడు.

"నిన్న దిగేటప్పుడు నేనేమన్నానో విన్నారా?" అని అడిగాడు.

"విన్న. అమ్మా అన్నరు."

"ఏడాదిన్నరగా ఆ మాట బాత్రూములో కుళాయి తిప్పుకుని అనేవాణ్ణండీ."